అస్థి నిమజ్జనం (నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతం)

అస్థి నిమజ్జనం అనగా దహన సంస్కారం తరువాత మిగిలిన ఎముకలను, చితాభస్మాన్ని నదిలో గాని సముద్రంలో గాని కలపడం. హిందువుల అంత్యక్రియలలో ఇది ఒక ముఖ్యమైన ఘట్టం. తెలంగాణ దక్షిణ భాగంలోని పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలకు సముద్రతీరం లేదు. అందువలన ఇక్కడి ప్రజలు ఎక్కువగా కృష్ణా నదిలోను, దాని ఉపనదులు కలిసే సంగమ స్థానాలలోను అస్థికలను కలుపుతారు. వాడుకలో దీనిని "గంగలో కలపడం" అంటారు. ఈ ప్రాంతంలో గంగ అనే మాటకు నీరు అనే అర్థం కూడా ఉంది. కనుక ఏ నదిలో కలిపినా గంగలో కలిపినట్లే చెప్పుకుంటారు.

ఆచార విధానం

దహనం జరిగిన మూడవ రోజున బంధువులు శ్మశానానికి వెళ్ళి, చితిపై నీళ్ళు, పాలు చల్లి చల్లార్చి, మిగిలిన ఎముకలను ఏరుతారు. దీనిని అస్థి సంచయనం అంటారు. తెలంగాణ మాండలికంలో ఎముకలను బొక్కలు అంటారు కనుక "బొక్కలు ఏరడం" అనే మాట కూడా వాడుకలో ఉంది. ఏరిన వాటిని కొత్త మట్టికుండలో ఉంచి, మూతికి గుడ్డ కడతారు. అదే రోజున వండిన పదార్థాలను కాకులకు పెట్టే ఆచారాన్ని "పిట్టకు పెట్టడం" అంటారు.

అస్థికల కుండను ఇంటిలోనికి తీసుకురారు. వెంటనే నదికి వెళ్ళే వీలు లేనప్పుడు దానిని ఊరి బయట చెట్టుకు గాని, పొలంలోని చెట్టుకు గాని కట్టి ఉంచుతారు. సాధారణంగా దశదిన కర్మ లోపల నిమజ్జనం పూర్తి చేస్తారు. నది వద్ద కర్త స్నానం చేసి, పిండప్రదానం, తర్పణం చేసిన తరువాత అస్థికలను పారే నీటిలో వదులుతాడు. సంప్రదాయం ప్రకారం కుమారుడు కర్తగా ఉంటాడు. కుమారులు లేనప్పుడు సోదరుడు, అల్లుడు, మనుమడు వంటివారు ఆ బాధ్యత తీసుకుంటారు. ఇటీవలి కాలంలో కుమార్తెలు ఈ కర్మ చేయడం కూడా కనిపిస్తోంది.

ఈ ప్రాంతంలో అందరూ దహనం చేయరు. లింగాయతులు, దళిత కులాలలో అనేకులు, ముస్లింలు, క్రైస్తవులు మృతదేహాన్ని ఖననం చేస్తారు. దహనం చేసే కులాలలో కూడా చిన్నపిల్లలను పూడ్చిపెట్టడమే ఆచారం. అటువంటి చోట అస్థి నిమజ్జనం ఉండదు.

చరిత్ర

ఎముకలను ప్రత్యేకంగా భద్రపరచే అలవాటు ఈ నేలపై చాలా పాతది. రెండు జిల్లాలలోను పెద్దరాతియుగపు సమాధులు విరివిగా ఉన్నాయి. వీటిని గ్రామస్థులు రాక్షస గుళ్ళు అని పిలుస్తారు. ఇటువంటి కొన్ని సమాధులలో మరణానంతరం కొంతకాలానికి సేకరించిన ఎముకలను మాత్రమే ఉంచారు. కృష్ణా తీరాన నారాయణపేట జిల్లాలో ఉన్న ముడుమాల నిలువురాళ్ళను 2025 లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. బౌద్ధంలో బుద్ధుని ధాతువులను స్తూపాలలో నిక్షిప్తం చేసేవారు. నల్గొండ జిల్లాకు ఎదురుగా కృష్ణ ఆవలి ఒడ్డున ఉన్న నాగార్జునకొండ మహాచైత్యంలో 1920 ల చివర జరిగిన తవ్వకాలలో చిన్న బంగారు భరిణెలో ఎముక ముక్క లభించింది. నీటిలో కలపడం దీనికి భిన్నమైన పద్ధతి. ఇందులో గుర్తుగా నిలిచే కట్టడం ఏదీ ఉండదు.

ముఖ్యమైన నిమజ్జన స్థలాలు

మహాబలేశ్వరం వద్ద పుట్టిన కృష్ణానది నారాయణపేట జిల్లా తంగడి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. అక్కడే భీమానది దానిలో కలుస్తుంది. దిగువన ఉన్న ప్రధాన స్థలాలు:

* బీచుపల్లి: హైదరాబాదు - కర్నూలు జాతీయ రహదారి పక్కన, జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. ఆంజనేయస్వామి ఆలయం ప్రసిద్ధం. రహదారి సౌకర్యం వలన దూరప్రాంతాల వారు కూడా ఇక్కడికి వస్తారు.
* అలంపురం: తుంగభద్ర ఒడ్డున ఉన్న జోగులాంబ క్షేత్రం. తుంగభద్ర ఇక్కడికి దగ్గరలోనే కృష్ణలో కలుస్తుంది.
* సోమశిల: నాగర్ కర్నూల్ జిల్లా కొల్లాపూర్ సమీపంలో, శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉంది.
* నాగార్జునసాగర్: నల్గొండ, దేవరకొండ ప్రాంతాల వారికి అందుబాటులో ఉన్న స్థలం.
* వాడపల్లి: నల్గొండ జిల్లాలో మూసీ నది కృష్ణలో కలిసే చోటు. అగస్త్యేశ్వర, లక్ష్మీనరసింహస్వామి ఆలయాలు ఉన్నాయి.
* మట్టపల్లి: సూర్యాపేట జిల్లాలోని నరసింహ క్షేత్రం.

స్తోమత ఉన్నవారు అస్థికలలో కొంత భాగాన్ని కాశీ, ప్రయాగ, రామేశ్వరం వంటి క్షేత్రాలకు, లేదా గోదావరి తీరానికి తీసుకువెళతారు. 12 సంవత్సరాలకు ఒకసారి వచ్చే కృష్ణా పుష్కరాలలో (2004, 2016) పితృదేవతలకు పిండప్రదానం చేయడానికి ఈ స్థలాలకు లక్షలాది భక్తులు వచ్చారు.

1948 లో మహాత్మా గాంధీ చితాభస్మంలో కొంత భాగాన్ని హైదరాబాదు లంగర్ హౌస్ వద్ద మూసీ, ఈసీ నదుల సంగమంలో కలిపారు. ఆ స్థలమే బాపూఘాట్. ఆ మూసీ నదే నల్గొండ ప్రాంతం గుండా ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణను చేరుతుంది.

జలాశయాల ప్రభావం

నాగార్జునసాగర్, శ్రీశైలం ప్రాజెక్టుల నిర్మాణం తరువాత నదీతీర స్వరూపం మారింది. శ్రీశైలం జలాశయంలో అనేక గ్రామాలు, వాటి శ్మశానాలు, పాత రేవులు మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పదీసి అలంపురంలో తిరిగి నిర్మించారు. ముంపు గ్రామాల నుండి వలస వెళ్ళినవారికి తమ పెద్దల అస్థికలు కలిపిన రేవు ఇప్పుడు నీటి అడుగున ఉంది.

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో మట్టం బాగా తగ్గడంతో నీరు మెట్లకు దూరమై, బురదలో నడిచి వెళ్ళవలసి వస్తుంది. లోతు తెలియని చోట దిగడం ప్రమాదకరం. కనుక కర్మకు వచ్చినవారు, ముఖ్యంగా ఈత రానివారు, ఘాట్ల వద్ద మాత్రమే స్నానం చేయడం మంచిది.

వలస కుటుంబాల ఇబ్బందులు

వర్షపాతం తక్కువైన ఈ మెట్ట ప్రాంతం నుండి పనికోసం వలస పోవడం చాలాకాలంగా ఉంది. పాలమూరు కూలీలు దేశంలోని అనేక ఆనకట్టల నిర్మాణంలో పనిచేశారు. ముంబయిలోనో, గల్ఫ్ దేశాలలోనో మరణించినవారి దేహాన్ని స్వగ్రామానికి చేర్చడం ఖర్చుతోను, కాలయాపనతోను కూడిన పని. దహనం అక్కడే జరిగితే అస్థికలు మాత్రమే ఇంటికి వస్తాయి. అటువంటప్పుడు తల్లిదండ్రులకు, భార్యాబిడ్డలకు నిమజ్జనమే చివరి చూపుతో సమానమవుతుంది. విదేశాల నుండి అస్థికలు తేవడానికి మరణ ధృవీకరణ పత్రం, దహన ధృవీకరణ పత్రం, భారత రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం అవసరమవుతాయి. 2020, 2021 లో కోవిడ్ కాలంలో ప్రయాణాలు నిలిచిపోవడంతో అనేక నగరాల శ్మశానాలలో అస్థికలు రోజుల తరబడి ఉండిపోయాయి.

సముద్రంలో నిమజ్జనం

కృష్ణలో కలిపినది చివరకు సముద్రుని చేరుతుందని నమ్మకం. కృష్ణ ఒక పాయ బంగాళాఖాతంలో కలిసే హంసలదీవి ఇందుకే పవిత్ర సాగరసంగమంగా పేరు పొందింది. అయితే ఎముకలలో ప్రధానంగా ఉండే కాల్షియం ఫాస్ఫేటు నీటిలో సులభంగా కరగదు. జలాశయంలో వదిలిన ఎముకలు చాలావరకు అక్కడే అడుగుకు చేరతాయి. వర్షాభావ సంవత్సరాలలో ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రానికి చేరే నీరు కూడా స్వల్పమే. అస్థికల కంటే వాటితోపాటు పారవేసే ప్లాస్టిక్ సంచులు, బట్టల వలన కాలుష్యం ఎక్కువ.

నేరుగా సముద్రంలో కలపడం కూడా ఉంది. గాంధీ చితాభస్మంలో మిగిలి ఉన్న భాగాలను 2008 జనవరి 30 న ముంబయి చౌపాటి వద్ద, 2010 జనవరి 30 న దక్షిణాఫ్రికాలోని డర్బన్ తీరంలో సముద్రంలో కలిపారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు సముద్రంలో కలపాలంటే అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ నియమం ప్రకారం తీరం నుండి కనీసం 3 నాటికల్ మైళ్ళు (సుమారు 5.5 కి.మీ.) లోపలికి వెళ్ళాలి. 30 రోజులలోగా ఆ సంస్థకు తెలియజేయాలి. నీటిలో కలిసిపోని వస్తువులను వదలరాదు.

ఇవి కూడా చూడండి

* కృష్ణా నది
* అంత్యేష్టి
* పుష్కరం
* బాపూఘాట్