ట్రై వ్యాలీ గోస

అమెరికాలో ఎమ్మెస్‌కు యూనివర్సిటీ ఎంచుకోవడం ఒకప్పుడు మన ఇంజినీరింగ్ పిల్లలకు పెద్ద యజ్ఞం. ఏ ప్రొఫెసర్ దేనిమీద పనిచేస్తున్నాడు, ల్యాబులెలా ఉన్నాయి, అసిస్టెంట్‌షిప్ దొరుకుతుందా అని సీనియర్లను పీక్కుతినేవాళ్లు. 2010 నాటికి చాలామందికి అవన్నీ పోయి ఒక్క ప్రశ్నే మిగిలింది: "చేరిన రోజు నుంచే సీపీటీ ఇస్తారా?"

చదువులో భాగంగా ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి అది. మామూలుగా ఏడాది చదివితేగానీ రాదు. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్లోని ట్రై వ్యాలీ యూనివర్సిటీలో మాత్రం చేరడమే ఆలస్యం, చేతిలో పెట్టేవాళ్లు. ఫీజు సెమిస్టర్‌కు మూడు వేల డాలర్ల లోపే. క్లాసులంటే ఆన్‌లైన్. ఇంకో స్నేహితుణ్ని తెచ్చి చేర్పిస్తే అతని ఫీజులో వాటా కూడా! ఆ మాట విన్నప్పుడైనా అనుమానం రావాల్సింది. వచ్చే ఉంటుంది. కానీ అది మాంద్యం కాలం. ఊళ్లో బ్యాంకు వడ్డీ ఆగదు, అసలు యూనివర్సిటీలో ఫీజు కట్టే దారి లేదు. అలా మంచి కాలేజీలు వదిలి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ట్రై వ్యాలీకి 2009లో విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే పదిహేను వందల మందికి పైగా చేరారు. నూటికి తొంభై మందికి పైగా భారతీయులు, వాళ్లలోనూ ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలు. రికార్డుల్లో చూస్తే సగం మందికి పైగా సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంటులో కాపురం! నిజానికి వాళ్లు ఏ రాష్ట్రంలో ఏ పని చేసుకుంటున్నారో ఎవరికీ పట్టలేదు.

2011 జనవరి 19న ఇమిగ్రేషన్ అధికారులు వచ్చి తలుపులు మూశారు. ఆ ఒక్క రోజుతో వీసా, చదువు, ఉద్యోగం మూడూ పోయాయి. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు బిగించారు. కడియంలా చీలమండకు పట్టుకుని, ఎక్కడికి కదిలినా చెప్పేసే యంత్రం. దాన్ని కూడా ఫోనులా గోడకు తగిలించి చార్జింగ్ పెట్టుకోవాలి. ఇంజినీరింగ్ చదివిన పిల్లాడు ప్లగ్గు దగ్గర కాలు చాపుకుని కూర్చున్న ఆ దృశ్యం ఇక్కడి తల్లిదండ్రులను కోసేసింది. అది అమానుషమని అప్పటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ అన్నారు. పిల్లలంతా అమాయకులని నేననను. కానీ ఆ యూనివర్సిటీకి అనుమతి ఇచ్చింది అక్కడి ప్రభుత్వమే కదా.

వ్యవస్థాపకురాలు సూసన్ సూ ఆ ఫీజు డబ్బుతో ఇళ్లూ, మెర్సిడెస్ కారూ కొన్నది. 2014లో కోర్టు పదహారేళ్లకు పైగా జైలుశిక్ష వేసింది. విద్యార్థుల్లో కొందరు వేరే కాలేజీల్లో చేరగలిగారు, కొందరు ఇంటిదారి పట్టారు.

అయినా ఆ సీపీటీ ప్రశ్న చావలేదు. 2019 జనవరిలో మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ బండారం బయటపడింది. ఒక్క అధ్యాపకుడూ లేడు, ఒక్క తరగతీ జరగలేదు. దాన్ని నడిపింది ఏ మోసగత్తో కాదు, వల పన్నిన ఇమిగ్రేషన్ అధికారులే. చేరిన సుమారు 600 మందిలోనూ, వాళ్లను చేర్పించారని పట్టుబడ్డ ఎనిమిది మందిలోనూ తెలుగువాళ్లున్నారు. చెప్పని చదువుకు కట్టించుకున్న ఫీజు తిరిగివ్వాలని విద్యార్థులు ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు. కింది కోర్టు కొట్టేసిన ఆ దావా ముందుకు సాగవచ్చని అప్పీలు కోర్టు 2024లో చెప్పింది.