చాకిరేవు చరిత్ర

పడవలో కాపురముండువాడు తన బట్ట తానే ఉతుకుకొనక తప్పదు. ఉప్పునీట సబ్బు నురుగక విరిగిపోవును గనుక సముద్రముపై బోవు నావికులు వాన కురిసినపుడు ఆ నీరు పట్టి ఉతుకుకొనుచుండిరి. అచ్చట చాకలి లేడు. ఉతుకుట యొకరి కులధర్మమని యెవ్వరును దలంపరు. నీరు కరవైన మెట్టసీమయగు మన నల్లగొండ, పాలమూరు జిల్లాలలో మాత్రము ఊరందరి మైలయు నొక్క కులము వీపున బడినది. ఈ వృత్తాంతము రాజుల చరిత్రలలో వెదకిన దొరకదు.

మొదట ఆ పని యెట్టిదో చూతము. మాసిన బట్టలను మూటగట్టి గాడిదపై వేసి చెరువునకు దోలవలెను. వేసవిని చెరువెండినచో వాగులో చెలమ త్రవ్వుకొనవలెను. సబ్బు పల్లెలకు రాకమునుపు చౌటినేలలపై తెల్లగా పేరుకొను మన్నే సబ్బు. అందలి సోడాక్షారముచే జిడ్డు విరుగును. చౌడు కలిపిన నీట బట్టలు ముంచి, బానలపై పేర్చి, క్రింద మంటపెట్టి ఆవిరిలో నుడికించుటను ఉబ్బవేయుట యందురు. తెల్లవారినపిదప బండమీద బాదుట. ఏ బట్ట యే యింటిదో నల్లజీడిగింజ రసముతో పెట్టిన గుర్తే చెప్పవలెను. అక్షరము రానివారు ఊరందరి గుర్తులను మనస్సున నుంచుకొనుచుండిరి. ఇది విద్య కాదనువారు ఒక్కనాడు బానముందు కూర్చుండి చూడవలసినది.

రైతులు కళ్లములో కొలిచి యిచ్చు మేర ఈ పనికి ప్రతిఫలము. చాలినను చాలకున్నను అది యొక యొడంబడిక. వెట్టి యట్లు కాదు. దేశముఖుల గడీలలోను, గ్రామమునకు వచ్చిన యధికారుల మకాములలోను చాకలివారు ఉచితముగా బట్టలుతుకవలెను. అంతటితో దీరదు, అంట్లు తోమవలెను, నీళ్లు మోయవలెను, రాత్రి దివిటీ పట్టవలెను. చాకలి యను మాటలోని ‘చాకి’ యనగా ఉతుకుట. చాకిరి పారసీకమందలి ‘చాకర్’ నుండి వచ్చినది. రెండును వేరు. మన దొరలు రెంటి నొకటిగా జేసిరి.

1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్రజనసంఘము మొదట చేపట్టిన పనులలో వెట్టి నిర్మూలన మొకటి. మాడపాటి హనుమంతరావుగారు అందులకై పెక్కేండ్లు పాటుపడిరి. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్రమహాసభ జరిగినపుడు అధ్యక్షులు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారు పాలమూరు సీమవారే. వెట్టిని అదుపుచేయు సర్కారు ఉత్తరువులు లేకపోలేదు. గడీ తలుపు లోపల అవి చెల్లలేదు.

పిదప కథ పాలకుర్తికి జేరినది. ఆ యూరు పాల్కురికి సోమనాథునిదని ప్రసిద్ధి. శివభక్తుల బట్టలు మాత్రమే ఉతికి, రాజునైనను లెక్కసేయని మడివాలు మాచయ్యను తన బసవపురాణములో గీర్తించినవాడు సోమనాథుడే. అప్పుడు నల్లగొండ జిల్లాలో జనగామ తాలూకాకు జేరియున్న ఆ యూరనే చాకలి ఐలమ్మ కౌలునకు భూమి దీసికొని సేద్యము చేసెను, ఆంధ్రమహాసభలో జేరెను. 1945-46 ప్రాంతమున విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి ఆ పంటను గైకొన మనుష్యులను బంపెను. సంఘపు కార్యకర్తలు పైరు కోసి ధాన్యము నామె యింటికే చేర్చిరి. ఉతికిన బట్టలు గడీకి మోయుటయే నేర్పబడిన యింటికి తన పంట తనకు వచ్చుట సామాన్యమా! 1946 జులై 4న అదే దేశముఖు మనుష్యుల తుపాకికి కడవెండిలో దొడ్డి కొమరయ్య బలియయ్యెను. అటుపిమ్మట ఆ పోరు ఒక చాకలియింటిది గాక జిల్లా యంతటిదయ్యెను.

1950లో నమలైన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. ఐలమ్మ 1985లో మరణించెను. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ప్రభుత్వ మామె పేరు పెట్టినది. ఆ పేరులోనుండి ‘చాకలి’ యను మాటను దీసివేయలేదు.