రేడియో మర ఎవరి చేతిలో?

మీ అటక మీద పాత రేడియో ఉంటే ఒకసారి దించి, దుమ్ము దులిపి చూడండి. అద్దం వెనక ముల్లు, దాని పక్కన మీడియం వేవ్, షార్టు వేవ్ అంటూ గీతలు, కింద రెండు మరలు. ఒకటి గొంతు పెంచడానికి, ఒకటి స్టేషను వెతకడానికి. ఆ రెండో మర గురించే ఇవాళ మీతో నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

మా చిలకలూరిపేటకు రైలు లేదు గాని, రేడియోకి పట్టాలతో పనేముంది? విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని వస్తుంది గనక గుంటూరు దాటి పేటకు రావడం దానికి కష్టం కాదు. షార్టు వేవ్ సంగతి వేరు. అది ఆకాశంలో పైపొరకు తగిలి మళ్లీ కిందికి దిగుతుంది. అందుకే కొలంబోలో పాట వేస్తే మన వంటింట్లో వినిపించేది, కాస్త గరగరమంటూ, దగ్గరకొస్తూ, దూరమైపోతూ.

ఆ గరగర విలువ 1952లో తెలిసింది. ఆ ఏడు బి.వి.కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయనకు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాటకు కత్తెర పడింది. జనం అభిరుచి పెంచాలని ఆయన ఉద్దేశం. కాదనను, మంచి సంగీతం వినిపించడం మంచిదే. కాని కూర బాగుందని పచ్చడి గిన్నె లాగేసుకుంటే ఎవరు ఊరుకుంటారు చెప్పండి! శ్రోతలు మర కాస్త తిప్పారు, అంతే. ముల్లు రేడియో సిలోన్ దగ్గర ఆగింది. అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' అక్కడ మొదలైందీ ఆ సంవత్సరమే. ఢిల్లీవారు దారికి రావడానికి ఐదేళ్లు పట్టింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలై, సినిమా పాట సొంతింటికి వచ్చింది.

గమనించారా, మంత్రిగారు పాట తీసేయగలిగారు గాని మన పెట్టెలోంచి షార్టు వేవ్‌ను తీయలేకపోయారు. అలాంటి పని తర్వాత చేసినవారు పెట్టెలు తయారుచేసేవాళ్లు.

సెల్‌ఫోన్లలోకి ఎఫ్.ఎం. రేడియో వచ్చింది. దానికి ఏరియల్ ఏమిటనుకున్నారు? మనం చెవుల్లో పెట్టుకునే తీగే! 2016 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 7 తెస్తూ ఆ తీగె గుచ్చే బెజ్జం తీసేసింది. అది తమ ధైర్యమని కూడా చెప్పుకుంది. ధైర్యం వాళ్లది, ఖర్చు మనది. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. కొన్ని ఫోన్లలోనైతే రేడియో భాగం లోపల ఉండి కూడా పనిచేయదు. గదికి తాళం వేసి అద్దె మాత్రం పూర్తిగా పుచ్చుకున్నట్టు!

మొన్న పేటలో ఒక దుకాణంలో బెజ్జమున్న ఫోను అడిగాను. "ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారు పిన్నిగారూ, అన్నీ నెట్టులో వస్తాయిగా" అన్నాడు కుర్రాడు. "నెట్టు పోతేనో బాబూ?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

వాడికి నవ్వుగానే ఉంటుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తున్నవాళ్లకు నవ్వు రాదు. గాలివానకు కరెంటు పోతుంది, టవరు మూగబోతుంది. రెండు బ్యాటరీల రేడియో మాత్రం మాట్లాడుతూనే ఉంటుంది. 2017లో అమెరికాలో పెనుతుపానులు వచ్చినప్పుడు అక్కడి ప్రసారాల కమిషను అధ్యక్షుడు ఫోన్లలో రేడియో తెరవమని ఆపిల్‌ను కోరాడు. కొత్త ఫోన్లలో ఆ చిప్పే లేదని జవాబొచ్చింది. మన ఎలక్ట్రానిక్స్ శాఖ 2023లో ఫోన్లు చేసేవారికి ఒక సలహా పంపింది. ఉన్న ఎఫ్.ఎం.ను మూసేయవద్దు, లేనిచోట పెట్టండి అని. సలహాయే సుమండీ, చట్టం కాదు.

బెజ్జమున్న ఫోన్లు ఇంకా దొరుకుతున్నాయి. కొనేముందు పెట్టె తెరిపించి, తీగె గుచ్చి, అక్కడే వినండి. ఆ కుర్రాడు కూడా చివరికి కింది అరలోంచి ఒకటి తీశాడు. రంగు నాకు నచ్చలేదు గాని తెచ్చుకున్నాను.