ప్రేరణ అనే ఒక్క మాట

మనిషిని కదిలించేదానికి ఇంగ్లీషులో మాటలు చాలా ఉన్నాయి. మోటివ్ లోపలిది. ఇన్సెంటివ్ బయటినుంచి ఎరగా చూపేది. ఇంపల్స్ ఆలోచనకు ముందే పుట్టేది. కంపల్షన్‌లో మనిషి ఇష్టానికి చోటే లేదు. మన చరిత్ర రచయితలు చాలామంది వీటన్నిటికీ "ప్రేరణ" అనేసి చేతులు దులుపుకుంటారు.

పిట్లం పరిసరాల చరిత్రనే చూడండి. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువలు పారిన తరువాత కోస్తా జిల్లాల రైతులు బాన్సువాడ, బోధన్ వైపులకు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. నీరూ, చవక భూమీ ఇన్సెంటివ్. 1937లో బోధన్‌లో వెలసిన చక్కెర ఫ్యాక్టరీ చెరకు రైతుకు మరొకటి. కాని ఆ ఎర అందరికీ కనబడేదే. బండి కట్టినవారు కొందరే. ఎందుచేత? అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన చెక్కలోనో, తీరని అప్పులోనో మోటివ్‌ను వెతకాలి.

అదే జలాశయంలో ఊళ్లు మునిగినవారూ కదిలారు. వారికి ఎర లేదు, కోరికా లేదు. అయినా ఇద్దరినీ "వలస" అని ఒకే పద్దులో రాసుకుంటాం. ప్రాజెక్టు తెచ్చిన అభివృద్ధిని వర్ణించేటప్పుడు మాత్రం మొదటివారే గుర్తుకొస్తారు. ఇంటిని నీటికి వదిలిపోయినవాణ్ణి ఏ పుటలో వెతకాలి?