చదివింపుల నుంచి ధర్మనిధికి

వివాహ సమయంలో బంధుమిత్రులు వధూవరులకు కానుకలు సమర్పించడం భారతీయ సమాజంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇచ్చినవారి పేరును, ఇచ్చిన మొత్తాన్ని పెళ్ళిపందిట్లో అందరూ వినేటట్లు చదివే అలవాటును బట్టి తెలుగునాట వీటిని చదివింపులు అన్నారు. ఆ వివరాలను పుస్తకంలో రాసి ఉంచుకుని, అవతలివారి ఇంట శుభకార్యం జరిగినప్పుడు ఆ మేరకు తిరిగి చదివించడం మర్యాద. అందువల్ల చదివింపు కొత్త కాపురానికి ఆసరా కావడమే కాక, ఎన్నడో ఒకనాడు తీర్చవలసిన బాకీ కూడా అయింది. ఈ కానుకలను లోకహితానికి మళ్ళించాలన్న ఆలోచన ఆ బాకీని రద్దు చేస్తుంది. అయితే, కానుకను త్యాగం చేసే హక్కు ఎవరిదన్న ప్రశ్న దానికి ముందే ఉంది.

ఈ ప్రశ్న స్పష్టంగా ఎదురైన సందర్భాలలో ఒకటి 1901లో దక్షిణాఫ్రికాలో సంభవించింది. గాంధీజీ స్వదేశానికి బయలుదేరుతున్న తరుణంలో నేటాల్‌లోని భారతీయులు ఆయన కుటుంబానికి బంగారు, వెండి, వజ్రాల వస్తువులను బహూకరించారు. వాటిలో కస్తూర్బాకు ఇచ్చిన 50 గినీల కంఠహారం ఒకటి. ప్రజాసేవకు ప్రతిఫలం స్వీకరించరాదని గాంధీజీ నిశ్చయించుకుని, ముందుగా కుమారులను ఒప్పించారు. కస్తూర్బా అంగీకరించలేదు. అవి వివాహ కానుకలు కాకపోయినా, ఆమె వాదన వివాహం చుట్టూనే సాగింది. రేపు ఇంటికి వచ్చే కోడళ్ళకు నగలు కావాలని, హారం తనకిచ్చినదని, భర్త సేవలో తన శ్రమకూ భాగముందని ఆమె వాదించారు. చివరకు ఏదో విధంగా ఆమె చేత ఒప్పించుకున్నట్లు గాంధీజీయే ఆత్మకథలో దాపరికం లేకుండా రాశారు. 1896లోను, 1901లోను వచ్చిన కానుకలన్నీ ధర్మకర్తల ఆధీనంలో బ్యాంకులో చేరాయి. ఆ నిధి అక్కడి భారతీయుల అవసరాలకు ఉపకరించింది. నిర్ణయం ఉదాత్తమైనదే, కాని హారం యజమానురాలి మనస్సు అందులో పూర్తిగా లేదు.

1934 జనవరిలో హరిజనోద్ధరణ యాత్ర సందర్భంగా కేరళలోని వడకరలో ఇందుకు భిన్నమైన ఘట్టం జరిగింది. కౌముది అనే 16 ఏళ్ళ యువతి సభావేదికపైనే తన ఆభరణాలను ఒక్కొక్కటిగా తీసి గాంధీజీకి అందించింది. తల్లిదండ్రుల అనుమతి ఉన్నదా అని ఆయన విచారించారు. మళ్ళీ నగలు చేయించుకోనని ఆమె మాట ఇచ్చింది. పెళ్ళికి నగలే ప్రధానమనుకునే కాలంలో పెళ్ళికాని ఒక పిల్ల స్వయంగా తీసుకున్న నిర్ణయం కావడం వల్లనే ఆ దానానికి అంతటి విలువ వచ్చింది.

స్వాతంత్ర్యానంతరం ఈ హక్కును చట్టం గుర్తించింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అడిగి పుచ్చుకునే కట్నాన్ని నేరంగా పరిగణించి, అడగకుండా ఆచారం మేరకు ఇచ్చే కానుకలను మినహాయించింది. వధువుకు వచ్చిన కానుకలకు, వరునికి వచ్చిన కానుకలకు వేర్వేరు జాబితాలు రాయాలని, వాటిలో ఇచ్చినవారి పేరు, వస్తువు వివరం, సుమారు విలువ ఉండాలని 1985లో నియమాలు వెలువడ్డాయి. బాకీలు గుర్తుంచుకోవడానికి పుట్టిన చదివింపుల పుస్తకం వంటిదే ఈ విధంగా స్త్రీ ఆస్తికి రక్షణపత్రమైంది. స్త్రీధనంపై సంపూర్ణ హక్కు స్త్రీదేనని అదే సంవత్సరం ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇటీవలి కాలంలో కానుకలకు బదులు విరాళాలు కోరే పద్ధతికి అంతర్జాతీయ ప్రచారం లభించింది. 2011లో బ్రిటన్ యువరాజు విలియం, కేథరిన్‌ల వివాహానికి ఇందుకోసం ప్రత్యేక నిధి ఏర్పడింది. 2018లో హ్యారీ, మేఘన్‌లు తమ వివాహ సందర్భంగా విరాళాలకు సూచించిన ఏడు సంస్థలలో ముంబయి మురికివాడల స్త్రీల ఆరోగ్యం, ఉపాధి కోసం కృషి చేస్తున్న మైనా మహిళా ఫౌండేషన్ ఒకటి.

మన శుభలేఖలలోనూ ఇటువంటి వినతికి చోటు కల్పించవచ్చు. ఎక్కువ ఇచ్చినవారు, తక్కువ ఇచ్చినవారు అన్న భేదం పందిట్లో వినిపించదు. తిరిగి చదివించవలసిన భారం పేద బంధువుపై పడదు. కాని కొత్త కాపురానికి ఆ కానుకలే ఆధారమైన ఇళ్ళలో వాటిని వదులుకొమ్మని ఒత్తిడి చేయడం ధర్మం కాదు. శుభలేఖ అచ్చుకు వెళ్ళకముందే పెద్దలు వధువును సంప్రదించి, ఆమె కాదంటే ఆ మాటను గౌరవించాలి. 1901లో కస్తూర్బా అడిగినది ఆ గౌరవాన్నే.