గడీల సీమలో అపరాధ పరిశోధన కథలు

అపరాధ పరిశోధక నవలను కేవల కాలక్షేపమని తలచి మన సాహిత్య చరిత్రకారులు పలువురు వాకిటనే నిలిపివేసిరి. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణముల పఠన చరిత్రను వ్రాయబూనువారు ఆ నవలను విస్మరించి ఒక్క అడుగైనను ముందునకు వేయజాలరు.

1841లో ఎడ్గార్ ఎలన్ పో ప్రారంభించిన ఈ ప్రక్రియ, 1887లో షెర్లాక్ హోమ్సు అవతరణముతో జగద్విఖ్యాతమై, వంగదేశపు పాంచకడీ దేవు నవలల అనువాదముల మూలమున తెనుగుదేశమున ప్రవేశించెను. అయినను రహస్యమునందలి మక్కువ మనకు పరదేశములనుండి దిగుమతియైనది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలలో గోపకుమారుడు ప్రతి మజిలీయందును ఏదో ఒక వింతను చూచి, దాని కారణమును చెప్పిననే గాని అడుగు కదపనని పట్టుపట్టును. మణిసిద్ధుడు ఆ వింత వెనుకనున్న వృత్తాంతమంతయు విప్పి చెప్పును. ఫలితమును ముందు చూపి, కారణమును పిదప వెల్లడించు ఈ పద్ధతియే పరిశోధక కథకు ప్రాణము.

నిజాము రాజ్యమున విద్య ఉర్దూలో సాగుచుండగా, తెలుగు చదువునకు గ్రంథాలయములే దిక్కైనవి. ఆ తెలుగు చదువునకై పాటుపడిన ఆంధ్ర మహాసభ నాల్గవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగెను. ఉర్దూ చదివినవారికి 1952లో అలహాబాదున ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ నవలామాలను ఆరంభించి ఫరీదీ అను పరిశోధకుని పరిచయము చేసెను, తెలుగు చదివినవారికి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధరునూ, అతని అసిస్టెంటు రాజునూ ఇచ్చెను, అటుపిమ్మట మధుబాబు ‘షాడో’ వచ్చెను. తెలుగునాట పట్టణ పట్టణమునను వెలసిన అద్దె పుస్తకాల దుకాణములలో చేతులు మారి మారి అట్టలూడిన ఆ పాకెట్ బుక్కులే ఎందరికో తొలి సాహిత్య పాఠములైనవి.

ఈ సీమ పాఠకునకు ఆ కథలు ఏల అంత హృద్యములైనవో ఆలోచింపవలెను. దొరల కోటయిండ్లైన గడీల పాలనలో గ్రామమున నేరము జరిగిన, తొలి విచారణ పోలీసు పటేలుది. ఆ పటేలు తరచుగా దొరగారి బంధువో, ఆశ్రితుడో. నేరస్థుడెవడో ఊరందరికిని తెలియును; సాక్ష్యము చెప్పువాడు మాత్రము దొరకడు. నవలలో వ్యవహారము ఇందుకు పూర్తిగా విపరీతము: అపరాధి ఎవ్వరికిని తెలియడు, సాక్ష్యము మాత్రము కన్నులయెదుటనే ఉండును, తుదకు ఎంతటి ధనికుడైనను ఆ సాక్ష్యమునకు తల వంచును. 1978 సెప్టెంబరులో రైతుకూలీలు దొరలకు ఎదురునిలిచిన జగిత్యాల జైత్రయాత్ర జరిగి, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడిన సీమయిది. న్యాయమునకై అలమటించిన ఇట్టి ప్రజలకు, సత్యము అధికారమునకు గాక ఆధారమునకే లోబడునన్న ఊహ ఎంతటి ఊరటయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక శిల్పము మాట. సిరిసిల్ల సాలెవారు పడుగును ముందుగా సరిచేసికొని పిమ్మట పేకను నడపునట్లు, సమర్థుడైన రచయిత అంత్యమున అవసరపడు ఆధారములన్నిటిని మొదటనే పరచి, సంఘటనలను వాని నడుమ నల్లుకొనిపోవును. పగిలిన గాజుపెంకులు గది లోపల గాక వెలుపల పడియున్నవని మూడవ పుటలో యథాలాపముగా చెప్పవలెను. కిటికీ లోపలినుండి పగులగొట్టబడినదని చివరి ప్రకరణమున తేలినపుడు పాఠకుడు వెనుకకు తిప్పి చూచుకొని, తాను మోసపోలేదనియు, శ్రద్ధగా చదువలేదనియు అంగీకరింపవలెను. కడపట, అంతకుముందెన్నడును కనబడని కవలసోదరుని తెచ్చి ముడి విప్పువాడు పాఠకునకు ద్రోహము చేసినవాడు.

ఆ పుస్తకములు నాసి కాగితముపై అచ్చువడి శిథిలములగుచున్నవి. ఒక ప్రాంతమునకు చదువు రుచిని, ఆధారమును తూచి చూచు అలవాటును నేర్పిన గ్రంథములు ప్రబంధములతో సమానముగా భద్రపరుపదగినవి. మీ ఇండ్ల అటకలపై అట్టివి మిగిలియున్నచో, తూకమునకు అమ్మక, మీ ఊరి గ్రంథాలయమునకు ఒప్పగింపుడని పాఠకులకు నా మనవి.