కాగితపు భాష : అనంతపురపు సీమలో వ్యవహారాంగ్ల విద్య

అనంతపురపు సీమ వానకు మొగము వాచిన సీమ. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే ఇచ్చట కురియును. అదియు అదనుకు కురియునన్న నమ్మకము లేదు. ఇట్టి నేలను నమ్ముకొన్న రైతు వేరుసెనగను ఇంటివాడుకకు గాక అమ్మకమునకే పండించును. ధర్మవరపు పట్టుచీరయు, రాయదుర్గమున కుట్టిన దుస్తులును, తాడిపత్రి బండలును ఊరు దాటినగాని డబ్బుగా మారవు. ఊరు దాటిన ప్రతి సరుకు వెంట ఒక కాగితము నడచును. ఆ కాగితము నేడు చాలవరకు ఇంగ్లీషులో నుండును. కనుక ఈ కరవుసీమలో ఇంగ్లీషు మాట తెలియుటకును, తెలియకపోవుటకును నడుమనున్న వ్యత్యాసము ధరలోను, బాకీలోను, హామీలోను తేలుచుండును.

వ్యవహారపు మాటలు నేర్చుకొనవలసిన అగత్యము ఈ సీమకు క్రొత్తగా వచ్చినది కాదు. దానికి రెండువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రను తిరుగవేసి చూచినచో, ఏ పద్ధతి ఫలించెనో, ఏ పద్ధతి వట్టి వల్లెవేతగా మిగిలెనో స్పష్టముగా కనబడును.

1800వ సంవత్సరమున నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీ వారికి దత్తము చేసెను. దత్తమండలములను పేరు దానివలననే కలిగెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట పనిచేసి, రైతుతో సర్కారు నేరుగా లెక్క చూచుకొను రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ప్రతి రైతునకు ఒక పట్టా, ఒక లెక్క ఏర్పడెను. కచ్చేరీలో వినవచ్చు కిస్తు, వసూలు, బాకీ, రసీదు, జమాబందీ వంటి మాటలు పారసీ, అరబ్బీ భాషలనుండి వచ్చినవే యైనను, పల్లెవారు వానిని అప్పటికే తమవిగా చేసికొనియుండిరి. అయితే దొరలు పైయధికారులకు వ్రాయు ఉత్తరములు ఇంగ్లీషున నడచెడివి. ఈ రెండు లోకముల నడుమ దుబాసీ నిలిచెను. అతడు చెప్పినదే దొరకు రైతు మాట. అతడు చెప్పినదే రైతునకు దొర ఆజ్ఞ.

తరువాత మదరాసు గవర్నరైన మన్రో 1822 జూన్ 25వ తేదీన రాజధాని అంతటను గల పాఠశాలల లెక్కను తీయవలసినదని ఉత్తరువు చేసెను. నేటి అనంతపురపు సీమలో అధికభాగము ఆనాడు బళ్ళారి జిల్లాలో చేరియుండెను. అనంతపురము జిల్లా వేరుపడినది 1882లో. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదికను పంపెను. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించినవాడు. ఆ నివేదిక ప్రకారము జిల్లా జనసంఖ్య 9,27,857, పాఠశాలలు 533, చదువుకొనువారు 6,641 మంది. కన్నడము నేర్పునవి 235, తెలుగు నేర్పునవి 226, మరాఠీ నేర్పునవి 23, పారసీ నేర్పునవి 21, అరవము నేర్పునవి 4. బ్రాహ్మణులకు మాత్రమే పరిమితమైన విద్యాస్థానములు 23. ఇంగ్లీషు నేర్పు పాఠశాల మాత్రము జిల్లా మొత్తమునకు ఒక్కటే.

ఆ నివేదికలో అంకెలకంటె విలువైన సంగతి మరియొకటి కలదు. వీధిబడి పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివాడు. పిమ్మట పలకపై బలపముతో వ్రాసెడివాడు. అక్షరములు కుదిరిన మీదట అయ్యవారు నలుదిక్కులనుండి తాము సేకరించి తెచ్చిన నిజమైన ఉత్తరములను, సర్కారు కాగితములను పిల్లలకిచ్చి పలువిధములైన చేవ్రాతలను చదివించెడివారు. ఉత్తరము వ్రాయుట, ఒడంబడిక పత్రముల నమూనాలను కూర్చుట కూడ నేర్పెడివారు. అనగా ఊరి అరుగుమీది బడిలో వ్యవహారభాష పాఠ్యాంశమై యుండెను. నేర్చుకొను కుర్రవాడు లోకములో తిరుగుచున్న కాగితమునే చేతపట్టి చదివెను. ప్రక్కనున్న అయ్యవారు తప్పు దిద్దెను.

ఈ బడులలోని లోపమును గూడ కాంబెల్ దాచలేదు. పద్యములను వందలకొలదిగా అప్పగించు బాలునకు వాని అర్థము చిలుకకు తెలిసినంత మాత్రమే తెలియునని ఆయన ఆక్షేపించెను. ఇంచుమించుగా ఇదే ఆక్షేపణను అంతకు మూడేండ్ల ముందు మదరాసులో ఒక తెలుగువాడే చేసియుండెను. ఒంగోలు వాడైన వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుండి 1829 వరకు సదరు అదాలతున భాషాంతరీకర్తగా పనిచేసెను. ఆయన ఇంగ్లీషున వ్రాసికొన్న స్వీయచరిత్రము 1873లో అచ్చయ్యెను. మాట మార్చి చెప్పుటయే వృత్తిగా గల ఆ పెద్దమనిషి 1820లో మదరాసు స్కూలుబుక్కు సొసైటీకి వ్రాసిన నివేదికలో, అర్థము తెలియని చదువువలన ప్రయోజనము లేదని నొక్కి చెప్పెను.

ఇదే కాలమున ఇంగ్లీషువాడొకడు ఎదురుదారిన నడచుచుండెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మదరాసు చేరి, 1812లో స్థాపితమైన సెంటు జార్జి కోట కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొని, 1820లో ఉద్యోగమునకై కడప వచ్చెను. వేమన పద్యములను సేకరించి వెలువరించిన మహనీయుడుగా బ్రౌనును అందరు నెరుగుదురు. ఆయన వ్యవహారభాషకు చేసిన సేవ అంతగా ప్రచారములోనికి రాలేదు. 1852లో ఆయన ప్రకటించిన తెలుగు రీడరు ఉత్తరముల సంపుటము. స్వంత ఉత్తరములు, వ్యాపారపు ఉత్తరములు, పోలీసు, రెవిన్యూ వ్యవహారముల కాగితములు అందు కలవు. ఇంగ్లీషు అనువాదమును, వ్యాకరణ వివరణమును, చిన్న పదకోశమును దానికి జతపరచెను. అదే సంవత్సరమున వెలువడిన జిల్లా నిఘంటువు ఈ దేశపు వ్యవహారములలో వాడుకలోనున్న మాటలకు అర్థము చెప్పుటకై ఉద్దేశింపబడినది. వీధిబడి అయ్యవారు పిల్లలకు చేసినదానినే బ్రౌను దొరలకు చేసెను. కాగితములను ప్రోగుచేసెను, మాటను కాగితమునుండి వేరుచేయక దాని తావుననే చూపెను. ఆయన వెనుక పండితులు నిలిచియుండిరి. ఎదుట నుండి తప్పొప్పులు చెప్పు ఆ పండితులు లేనిదే ఆ గ్రంథములు లేవు.

1835 తరువాత సర్కారు మొగ్గు ఇంగ్లీషు విద్యవైపు తిరిగెను. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసినది. నేటి ప్రభుత్వ కళాశాల అదియే. దానివలన సీమకు కలిగిన మేలు ఎంతయో కలదు. కాని కళాశాలలో నేర్పిన ఇంగ్లీషు కావ్యములది, నాటకములది. సరుకు చేరలేదని మర్యాదగా, గట్టిగా ఎట్లు వ్రాయవలెనో ఆ పాఠములలో లేదు. ఆ కొరతను కొంతవరకు పట్టణములలోని టైపు ఇన్‌స్టిట్యూటులు తీర్చెను. లోయరు, హయ్యరు పరీక్షలకు కూర్చున్న కుర్రవారి వ్రేళ్ళు వ్యాపారపు ఉత్తరములను వేగముగా కొట్టగలిగెను. అయితే పరీక్ష వ్రేళ్ళకే గాని అర్థమునకు కాదు. వీధిబడి చిలుక ఇచ్చట యంత్రము ముందర కూర్చుండెను.

గురువు దూరమున నుండి తప్పు దిద్దు ఏర్పాటు కూడ నేటిది కాదు. 1840లో ఇంగ్లాండున పెన్నీ తపాలా మొదలైనంతనే ఐజాక్ పిట్మన్ తన సంక్షిప్తలేఖనమును తపాలా ద్వారా నేర్పెను. శిష్యులు అభ్యాసమును వ్రాసి పంపిరి. ఆయన దిద్ది త్రిప్పి పంపెను. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో తపాలా పాఠములను ప్రారంభించెను. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. 1991 నుండి దానికి డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేరు కలదు. ఉద్యోగము చేయుచు, సేద్యము చేయుచు చదువుకొనువారికి ఇది గొప్ప వసతి. అయినను తపాలాకు ఒక లోపము కలదు. నేడు వ్రాసిన వాక్యమునకు దిద్దుబాటు వారములు గడచిన పిదప వచ్చినచో, ఆ తప్పును ఏల చేసెనో వ్రాసినవాడే మరచిపోవును.

ఆ జాప్యమును అంతర్జాలము తొలగించెను. 2020లో కరోనా వ్యాధివలన బడులు మూతపడినప్పుడు టెలిఫోను తెరపై పాఠము వినుట పల్లెలకు గూడ పరిచయమయ్యెను. అంతకు ముందే 2011లో, 1969 నుండి ఈ సీమలో పనిచేయుచున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారు పేదకుటుంబముల పట్టభద్రులకై అనంతపురమున విదేశభాషల పాఠశాలను నెలకొల్పిరి. 2019లో పెనుకొండ చేరువ కొరియా దేశపు కియా కార్ల కర్మాగారము పని మొదలుపెట్టెను. కొరియావారికిని, మనవారికిని నడుమ ఇంగ్లీషు మూడవభాషయై నిలిచెను. ఒకనాడు దుబాసీ నిలిచిన చోట నేడు ప్రతి గుమాస్తాయు, ప్రతి మేస్త్రీయు నిలువవలసి వచ్చుచున్నది.

ఇట్టి విద్యార్థికి దూరముననున్న గురువు చేయగల సహాయమెట్టిదో కొన్ని మాటలు చూచిన తెలియును. ‘ఇంటరెస్ట్’ అనగా ఆసక్తి యని బడిలో నేర్చినవాడు బ్యాంకు కాగితములో అది వడ్డీ యని గుర్తింపవలెను. ‘ప్రిన్సిపల్’ అనగా కళాశాలాధిపతి, అప్పుపత్రములో అసలు. ‘అవుట్‌స్టాండింగ్’ అనగా మేటి యని మురియునంతలో అది తీరని బాకీ యని తేలును. మరికొన్నియెడల మన పాత మాటలే తోవ చూపును. జమాఖర్చుల చిట్టా చూచినవానికి ‘క్రెడిట్’ జమ యనియు, ‘డెబిట్’ ఖర్చు యనియు ఒక్క మాటతో బోధపడును. దర్శనీ హుండీని ఎరిగిన వర్తకునకు ‘ఎట్ సైట్’ అను మాట క్రొత్త కాదు. చూపినంతనే చెల్లింపవలసినదని రెంటికిని అర్థము. నేర్పరియైన గురువు శిష్యుని వృత్తి ఎట్టిదో అడిగి తెలిసికొని, అతడెరిగిన మాటనుండి ఎరుగని మాటకు వంతెన వేయును.

అన్నింటికంటె జాగ్రత్తగా చూడవలసినది హామీపత్రము. అందు ‘జాయింట్ అండ్ సెవరల్’ అను మాటలు తరచు కానవచ్చును. ‘సెవరల్’ అనగా అనేకులని సాధారణ నిఘంటువు చెప్పును. ఆ అర్థమును నమ్మినవాడు, నలుగురు చేవ్రాలు చేసిరి గనుక తనది నాలుగవ వంతే యని తలపోయును. ఆ పత్రములో దాని అర్థము ‘విడివిడిగా’ అని. అనగా మొత్తము బాకీని ఏ ఒక్కరినుండియైనను రాబట్టవచ్చును. 1872 నాటి భారత ఒడంబడికల చట్టము 128వ సెక్షను ప్రకారము, పత్రములో వేరుగా వ్రాసికొననిదే, హామీదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతకు సమానము. వానలు తప్పి పంట పోయిన యేట ఈ ఒక్క మాట ఒక కుటుంబపు భూమిని కదలించగలదు. టెలిఫోనులోని అనువాదయంత్రము మాటకు మాట ఇచ్చును. సంతకము చేయుటకు ముందు అడుగవలసిన ప్రశ్న యేదో గుర్తుచేయవలసినవాడు గురువే.

అంతర్జాల విద్యకు ఇబ్బందులు లేకపోలేదు. గుట్టల మాటున సంకేతము అందదు. ఇంటికొక్క టెలిఫోను ఉన్నచోట అది ఆడపిల్ల చేతికి వచ్చుసరికి రాత్రి యగును. తప్పు మాటాడిన నవ్వుదురేమో యను సిగ్గు నోటిని కట్టివేయును. నెలకు వేయి మాటలు నేర్పెదమని ప్రకటించువారు వల్లెవేతను క్రొత్త వేషముతో అమ్ముచున్నారు. దినమునకు అయిదు మాటలు చాలును. ప్రతి మాటతోను తన పనికి సంబంధించిన వాక్యమొకటి వ్రాసి గురువునకు పంపుట, దిద్దివచ్చిన దానిని మరల వ్రాయుట, వారమునకొకసారి వానిని నోట పలుకుట: ఈ క్రమము తప్పనివాడు ఏడాదిలో తన వృత్తికి కావలసిన మాటలను చేజిక్కించుకొనును.

ఈ ఇబ్బందులలో కొన్నింటిని గ్రామ గ్రంథాలయము తీర్చగలదు. వెలుతురుగల గది, నియతమైన వేళ, నమ్మదగిన నిఘంటువు, నవ్వక వినెడి తోడివారు, ఆడపిల్లలు నిస్సంకోచముగా కూర్చుండదగిన తావు: దూరపు గురువు వీనిని తెరపై పంపలేడు. వీధిబడి అయ్యవారు చేసిన పనిని కూడ గ్రంథాలయము చేయవచ్చును. మార్కెట్టు యార్డు చీటీ, బ్యాంకు దరఖాస్తు, బీమా పత్రము, కొనుగోలు ఉత్తరువు, సరుకు పట్టీ, ఉద్యోగపు ఒప్పందము మొదలగు కాగితముల నమూనాలను, పేర్లును అంకెలును తొలగించి, ఒక దొంతరగా కూర్చి భద్రపరచవచ్చును. ప్రతిదానికి ఎదురుపుటలో తెలుగు అర్థమును, చదువరులు గురువును అడిగి తెలిసికొన్న సమాధానములను వ్రాసియుంచవచ్చును. 1852లో బ్రౌను అచ్చువేసిన పుస్తకము అట్టిదే. 1823లో బళ్ళారి జిల్లా అరుగులపై చదివిన కాగితములు అట్టివే. రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయము తన బీరువాలో ఆ దొంతరకు ఒక అర కేటాయించినచో, వేరుసెనగ అమ్మకమునకు పోవు రైతు ముందుగా అచ్చట ఆగి, తాను చేవ్రాలు చేయబోవు కాగితమును చదువుకొని పోవును.